కూత లేని రైలు

మొన్న మా పాత కేంద్రానికి ఊరికే చూసి వద్దామని వెళ్లాను. కొత్తగా చేరిన ఆయా వెనుక తలుపు బార్లా తెరిచిపెట్టి, ముందు గదిలో పిల్లలకు జడలు వేస్తోంది. నేను ఆమెను పలకరించకముందే లోపలికి పోయి ఆ తలుపు గడియ పెట్టేశాను. ఆ అమ్మాయి నవ్వింది.

“ఉడకపోస్తుంది గదా పెద్దమ్మా, జర గాలన్నా రానియ్యవా?”

అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇదే ఆ జవాబు. ఆమెకూ, ఆమెలాగా ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకూ రాస్తున్నాను. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. మా అమ్మ పొయ్యిలోని బొగ్గుతో గచ్చు మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆ అక్షరాలతోనే అంగన్‌వాడీలో ఆయాగా చేరి, దేవుడి దయవల్ల ఎవరి చేతా మాట పడకుండా రిటైరయ్యాను. కాబట్టి వాక్యం ఎక్కడైనా వంకర పోతే సర్దుకుని చదువుకోండి.

మా కేంద్రం నాచారంలో, ఫ్యాక్టరీల వెనుక సందులో ఉంది. రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో పిల్లలు, వెనుక గదిలో వంట, సామాను. రెండు గదుల మధ్య ఒక చెక్క తలుపు. వంటగదికి పెరటి వైపు ఇంకో తలుపు. పెరడు దాటితే ప్రహరీ గోడ, దాని అవతల ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలం. లోపలంతా సర్కారు తుమ్మ, రేగు పొదలు, చెదపుట్టలు, ఎండని ఒక పాత నీళ్ల సంపు. గోడ ఒకచోట కూలిపోయి ఉండేది. ఆ కూలిన చోటనే, వేపచెట్టు కింద, మా పోచమ్మ తల్లి గుడి. గుడి అంటే మోకాలెత్తు గూడు, అంతే.

ఆ సందులో సగం మంది పాత ఊరి వాళ్లు. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీ స్థలంలోనే జొన్న వేసుకున్నవాళ్లు. మిగిలిన సగం అద్దెకున్న వాళ్లు, ఎక్కువగా రైల్వే యార్డులో కూలి పని చేసేవాళ్లు. మా టీచరమ్మ కూడా రైల్వే ఇంటి కోడలే, కోస్తా వైపు మనిషి. నాకంటే చాలా చిన్నది. ‘ఆయమ్మగారూ’ అనేది. ఈ ఉద్యోగంలో నాకు ‘గారు’ తగిలించిన మొదటి మనిషి ఆమే. ఆ ఒక్క మాటకే ఆమె పేరు చెప్పి ఇప్పటికీ రోజూ దీపం దగ్గర దండం పెట్టుకుంటాను.

పిల్లలను చేతులు కడిగించడానికి బయటి కుళాయి దగ్గరికి తీసుకుపోవాలంటే నేను రైలు కట్టేదాన్ని. నా కొంగు ఒకరు పట్టుకోవాలి, వాళ్ల అంగీ వెనుక ఇంకొకరు, అలా చివరి దాకా. నేను చెయ్యి పైకెత్తితే ఎర్ర సిగ్నల్, దించితే పచ్చ. సిగ్నల్ పడకుండా ఒక్క డబ్బా కూడా కదలకూడదు. యార్డు పిల్లలు కదా, ఈ విషయంలో చాలా కచ్చితం. కొట్లాటంతా కూత ఎవరు పెట్టాలన్న దాని మీదే. అందులో ఒక సన్నపిల్ల ఉండేది. ఎప్పుడూ దగ్గు. దగ్గుతో కూత సరిగ్గా రాదని మిగిలినవాళ్లు ఆ పిల్లకు వంతు ఇచ్చేవాళ్లు కాదు.

ఎండాకాలం చివర ఒకరోజు పక్క ఫ్యాక్టరీ వాచ్‌మన్ చాయ్ బండి దగ్గర చెప్పాడు, గోడ అవతల ఎలుగుబంటిని చూశానని.

“నల్లకుక్కను జూసినవేమో పోరా,” అన్నాడు చాయ్ బండాయన.

“కుక్క చెట్టెక్కుతదా అన్నా? గుడ్డెలుగు అది. ఈపు మీద పిల్ల గూడ ఉన్నది.”

“పొద్దుగాలనే ఎన్ని గ్లాసులేసినవ్?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వారం తిరగలేదు, ఒకనాడు తెల్లవారాక అతను చెంబు పట్టుకుని పొదల్లోకి పోయి దానికి ఎదురుపడ్డాడు. దవాఖానాలో చూడటానికి వెళ్లాను. ముఖం సగం కట్టులోనే ఉంది. మాట రాక, వేలితో తన చెంప మీద పైనుంచి కిందికి గీసి చూపించాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ వేలు నా కళ్ల ముందే గీస్తూ ఉండిపోయింది.

తర్వాత సందు సందంతా మారిపోయింది. పొద్దున పాల ప్యాకెట్టుకు కూడా ఇద్దరిద్దరు కర్రలతో వెళ్లేవాళ్లు. చాయ్ బండాయన ఫోన్లో పాటలు గట్టిగా పెట్టుకుని సైకిల్ తొక్కేవాడు. ఉప్పల్ నుంచి, బోడుప్పల్ నుంచి కుర్రకారు బండ్ల మీద వచ్చి గోడెక్కి వీడియోలు తీసుకునేవాళ్లు. మాకేమో కుండ కిందపడినా గుండె జారేది. దాని పేరు ఎత్తడమే మానేశారు ఆడవాళ్లు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని ‘ఆమె’ అనేవాళ్లు. “ఇయ్యాల ఆమె సప్పుడయ్యింది” అంటే చాలు, కిటికీలన్నీ మూసుకునేవి. ఆ చప్పుడు నేనూ విన్నాను. పుట్ట తవ్వి చెదలు పీల్చే చప్పుడు. నీళ్లు అయిపోయిన బోరు మోటారు గాలి లాగినట్టు ఉంటుంది.

అటవీశాఖ ఉద్యోగి ఒకాయన వచ్చి చూసి పోతుండేవాడు. మా వైపు మనిషే.

“మేడిపల్లి దాటినంక గుట్టలున్నయి గదమ్మా, ఆడికెళ్లి వచ్చిందేమో. మీ జోలికి రావాలని దానికేం లేదు. కండ్లు సరిగ్గ కానరావు, దగ్గరికొచ్చే దాంక మనిషిని జూడదు, చూసినంక బెదిరి గీరుతది. ముక్కు మాత్రం మస్తు. మీ ఇంట్ల ఏం వండిన్రో దానికి ఎరికే,” అన్నాడు.

బోను తెచ్చి పొదల దగ్గర పెట్టించాడు. దాంట్లోకి పిల్లులు తప్ప ఏమీ దూరలేదు.

అప్పుడు గూటి దగ్గర రోజూ దీపం పెట్టే పెద్దవ్వ అందరినీ పిలిచి చెప్పింది. “ఊరి పొలిమేర కాసేటి తల్లి ఆడనే కూసున్నది. ఆమెకు చెప్పకుండ వాళ్లకీ వీళ్లకీ చెప్తే ఎట్ల? బోనం తియ్యిన్రి.”

మాకు అది న్యాయంగానే తోచింది. కొత్త కుండకు పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, లోపల బెల్లం అన్నం, పైన దీపం. గూటి ముందు విస్తరిలో అన్నం వడ్డించి, కల్లు సాకగా నేల మీద పోసి, వెనక్కి చూడకుండా గబగబా వచ్చేశాం. మామూలుగా అయితే కాసేపు కూర్చుంటాం, పాడుకుంటాం. ఆ రోజు ఎవరికి అంత ధైర్యం?

మర్నాడు పోయి చూస్తే విస్తరి కడిగినట్టుంది. ఒక్క మెతుకు లేదు.

“తిన్నది తల్లి!” అంది పెద్దవ్వ. నేల మీద పడి మొక్కింది. నేనూ ఆ విస్తరాకు కళ్లకద్దుకున్నాను. ఇక వంతులు వేసుకుని ఇంటికొకరు బోనం తీశారు. రోజూ విస్తరి ఖాళీ. విచిత్రం ఏమిటంటే ఆ రోజుల్లో ‘ఆమె’ సందులో ఎవరికీ కనపడలేదు. మా నమ్మకం ఇంకా గట్టిపడింది. అద్దెకున్న బీహారీ కుటుంబాలు కూడా బెల్లం తెచ్చి ఇచ్చాయి.

వానలు మొదలయ్యాక ఒకరోజు అటవీశాఖ ఆయన గూటి ముందు బురదలో గొంతుక్కూర్చుని, పెద్దవ్వను పిలిచాడు.

“అవ్వా, ఇదెవరి అడుగు?”

“అమ్మది.”

“ఇంతింత గోర్లున్నయి సూడు.”

“అమ్మ ఏ రూపంల వస్తదో నీకెరికనా బిడ్డా?”

“ఏ రూపంలనన్న రానియ్. నీ చెయ్యి గీరితే మాత్రం దవాఖానాకు తోలుకపొయ్యేది నేనే గద.” నవ్వుతూనే అన్నాడు గానీ లేచి నిలబడ్డాక ముఖంలో నవ్వు లేదు. “మీరు బయపడి పెట్టిన్రు. అది పిల్లతల్లి, ఆకలై తిన్నది. ఎవర్ని ఏమనాలె? కానీ ఇగ బంజెయ్యిన్రి. బంజేసినంక కొన్ని దినాలు పైలం అమ్మా. అలవాటైన ముక్కు ఊకోదు, వెతుక్కుంటది.”

ఇన్నాళ్లు మేమే దాన్ని పిలిచి, ఆకు వేసి, వడ్డించాం. గూటికీ మా వంటగదికీ మధ్య దూరం ఎంతని? కొంగు దులిపితే తగిలేంత. బోనాలు ఆగిపోయాయి. టీచరమ్మ పెరట్లో బీడీ కట్టలా చీపురుపుల్లలు కట్టి దిష్టికి వేలాడదీసింది. “ఇదెందుకమ్మా?” అంటే, “ఏమోనండీ, ఏదో ఒకటి ఉండాలి కదా,” అంది.

ఆ రోజు కూడా ముసురు. కరెంటు లేదు. పిల్లల తీపి పిండి బస్తా కొత్తగా వచ్చింది. దాంతో లడ్డూలు చేద్దామని స్టవ్ మీద బెల్లం పెట్టాను. వాన చెమ్మకు గదంతా ఆవిరి, పొగ. పెరటి తలుపు తెరిచాను. ఇదిగో, నేను నీకు చెప్పాలనుకున్న తలుపు అదేనమ్మా.

ముందు గదిలో టీచరమ్మ ఫోన్లో పిల్లల ఫొటోలు ఎక్కిస్తోంది. నేను ముక్కు చీదుతున్న పిల్లవాడికి తుడుద్దామని ఆ గదిలోకి వచ్చాను. వెనుక నుంచి ఏదో వాసన వచ్చింది. తడిసిన గోనెసంచి వాసన. తిరిగి చూశాను.

పెరటి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది.

వెంట్రుకలు తడిసి వేలాడుతున్నాయి. మూతి పొడుగ్గా, బూడిద రంగులో. రొమ్ము మీద తెల్లటి గీత. నన్ను చూడలేదు. ముక్కు పైకెత్తి గదిని వాసన చూస్తోంది. నేను అరవలేదు. ధైర్యం అనుకోకండి, గొంతు రాలేదు. మధ్య తలుపును నెమ్మదిగా, ఉయ్యాలలో పిల్లను పడుకోబెట్టినంత నెమ్మదిగా దగ్గరికి వేసి గడియ జరిపాను. వేలెడంత ఇనుప గడియ. అది చేసిన చేతులు ఎవరివో, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి.

“ఏంటండీ?” అంది టీచరమ్మ. నా ముఖం చూసి మళ్లీ అడగలేదు. అవతల గిన్నె కింద పడింది. స్టవ్ ఆరిన చప్పుడు, తర్వాత బస్తా చిరిగిన చప్పుడు, తర్వాత ఆ బోరు మోటారు చప్పుడు.

టీచరమ్మ వీధి తలుపు వైపు పరుగు తీసింది. తలుపు సందులోంచి చూసి అక్కడే బిగుసుకుపోయింది. నేనూ చూశాను. వరండాలో, పిల్లల చెప్పుల మధ్య, ఆమె పిల్ల. ఒక చెప్పును నోట కరుచుకుని ఆడుకుంటోంది.

వెనుక తల్లి, ముందు పిల్ల, మధ్య మేము. ఇప్పుడు తలుపు తెరిస్తే పిల్ల బెదిరి అరుస్తుంది. పిల్ల అరిస్తే ఆ తల్లికి మా మధ్య తలుపు ఒక లెక్కా?

టీచరమ్మ అటవీశాఖ ఆయనకు ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. నేను పిల్లల మధ్య కూర్చున్నాను. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

“రైలు కట్టున్రి. ఇయ్యాల మనది గూడ్సు బండి. ఎర్ర సిగ్నల్ కాడ ఆగింది. కూత లేదు, మాట లేదు.”

“ఎందుకు లేదు ఆయమ్మా?” అంది ఒక పిల్ల, గుసగుసగా.

“ముందల వేరే బండి ఉన్నది బిడ్డా.”

చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. పిల్లలు ఒకరి వెనుక ఒకరు అంగీలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లల కళ్లు మన కళ్లను చూసి అన్నీ తెలుసుకుంటాయి. మనసులో మొక్కాను: తల్లీ పోచమ్మా, వీళ్లందరినీ వాళ్ల వాళ్ల అమ్మల దగ్గరికి చేర్చు, నీకు బోనమెత్తుతా. మొక్కిన వెంటనే గుర్తొచ్చింది, ఆ బోనమే కదా దీన్ని ఇక్కడి దాకా నడిపించింది! ఇంకేం మొక్కాలో తెలియలేదు. అందుకే దాన్నే మళ్లీ మొక్కాను.

అప్పుడు ఆ సన్నపిల్లకు దగ్గు తన్నుకొచ్చింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు పెట్టుకుంది పాపం. నా కొంగు ముడిలో బెల్లంముక్క ఉంది, పొద్దున మా ఇంట్లో దేవుడికి పెట్టింది. దాని చెంపలో పెట్టి, “చప్పరియ్యి, మింగకు,” అన్నాను. ఏ బెల్లం ఆమెను రప్పించిందో ఆ బెల్లమే ఈ గొంతును ఆపాలి. ఆగింది.

వరండాలో పిల్ల కుయ్యిమంది. లోపల చప్పుడు ఆగింది. బరువైన అడుగులు పెరట్లోకి, అక్కడి నుంచి గోడ పక్కగా, కిటికీ కిందుగా, వరండాలోకి. వీధి తలుపు కింద సందులోంచి ఊపిరి లోపలికి కొట్టింది. టీచరమ్మ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ గోళ్ల గుర్తులు చాలా రోజులు ఉన్నాయి. మాకూ దానికీ మధ్య ఒక చెక్క పలక మందం. అది వాసన చూసింది, చూసింది, ఇంకా చూసింది. తర్వాత కదిలింది. తలుపు సందులోంచి చూస్తే పిల్ల తల్లి వీపెక్కి, వెంట్రుకలు రెండు పిడికిళ్లా పట్టుకుంది. అచ్చం నా కొంగు పట్టుకున్నట్టు. అంత భయంలోనూ అది చూశాను.

పోయిందనుకున్నాం. పోలేదు. పెరటి నుంచి మళ్లీ వంటగదిలోకి వచ్చింది. మళ్లీ బస్తా, మళ్లీ ఆ పీల్పు. ఈసారి మధ్య తలుపు ఒక్కసారి లోపలికి వంగింది. గడియ మేకు కొంచెం బయటికి వచ్చింది.

టీచరమ్మ నా చెవిలో అంది. “ఇద్దరూ ఇప్పుడు వెనకే ఉన్నారు. బస్తా అయిపోతే ఈ తలుపు మీద పడుతుంది. వెళ్లిపోదాం ఆయమ్మగారూ. ఇప్పుడే.”

“బైటికి వోయినంక తిరిగి వస్తే?”

“ఇక్కడుంటే?”

ఆమె చెప్పిందే నిజం. నేనొక్కదాన్నే ఉంటే ఆ గదిలోనే కూర్చునేదాన్ని, మొక్కుకుంటూ. ఆమె తలుపు గడియ తీసింది. నేను చెయ్యి దించాను.

రైలు కదిలింది. టీచరమ్మ ఇంజను. నేను గార్డు డబ్బా. చెప్పులు లేవు, చప్పుడు లేదు. వాన తుంపర. వరండా మెట్టు, వీధి, ఎదురింటి మేడ మెట్లు, అంతే దూరం. ఆ వీధి అంత వెడల్పని అంతకుముందు తెలియదు. సగం దాటామో లేదో, ఆ సన్నపిల్ల చెంపలోని బెల్లం కరిగిపోయింది. గట్టిగా, గొంతు చీరుకుపోయేట్టు దగ్గింది.

వెనుక పీల్పు ఆగిపోయింది.

నేను చెయ్యి ఎత్తనే లేదు. పిల్లలే ఆగారు, నడివీధిలో, ఒక్క డబ్బా కదలకుండా. “ఎర్ర సిగ్నల్,” అంది ముందు పిల్ల, ఊపిరితోనే. వాళ్ల తలల మీద వాన పడుతోంది. నేను వెనక్కి తిరిగి ఆ తెరిచిన గుమ్మాన్నే చూస్తూ నిలబడ్డాను. వస్తే ముందు నేనున్నాను, అంతే అనుకున్నాను. ఇంకేం అనుకున్నానో గుర్తు లేదు.

పీల్పు మళ్లీ మొదలైంది.

నా వైపే తిరిగి చూస్తున్న పిల్లలకు చెయ్యి దించినట్టు చూపించాను. రైలు మేడ మెట్లెక్కింది.

తర్వాత అటవీశాఖ వాళ్లు వచ్చారు, టపాకాయలు పేల్చారు. ఆమె బస్తా ఖాళీ చేసి, పిల్లను వీపున వేసుకుని, గోడ కూలిన చోటి నుంచి పొదల్లోకి పోయింది. బోనులో పడలేదు. వానాకాలం పోయాక అడుగులు కూడా కనిపించలేదు. గుట్టలకు తిరిగి పోయిందన్నారు. పోయిందని ఎవరూ ప్రమాణం చేయలేదు.

నా మొక్కు మాత్రం మిగిలింది. అటవీశాఖ ఆయనను అడిగాను.

“తిండి ఆడ ఇడిచిపెట్టొద్దమ్మా, చెప్పిన గద,” అన్నాడు.

“మొక్కు తప్పమంటవా కొడుకా?”

తల గోక్కున్నాడు. “మొక్కు నీది, డ్యూటీ నాది. నేనొస్త పా.”

ఒక పొద్దున స్నానం చేసి బోనమెత్తుకున్నాను. ఆయన కర్ర పట్టుకుని నా వెనుక కొంచెం దూరంగా నడిచాడు. బోనం దించి గూటి ముందు పెట్టాను. దీపం వెలిగించాను. “తల్లీ, చూపిస్తున్నాను, కంటితోనే తిను. మిగతాది పిల్లల కడుపులో తింటువు గానీ,” అని చెప్పి, మళ్లీ తలకెత్తుకున్నాను. దేవతకు పెట్టింది వెనక్కి తీసుకోవడం నా జన్మలో అదే మొదలు. పెద్దవ్వ నోరు నొక్కుకుంది. పొదల్లో ఏదో కదిలింది. పక్షి కావచ్చు. పరుగెత్తొద్దని ఆయన ఎప్పుడో చెప్పాడు కాబట్టి పరుగెత్తలేదు. తల మీద కుండలో బెల్లం వాసన, వీపు వెనుక పొదలు. ఆ నాలుగడుగులూ నా ఉద్యోగమంతటికంటే పొడుగు.

కేంద్రంలో పిల్లలకు వడ్డించాను. వాచ్‌మన్ కూడా వచ్చి వాళ్ల వరసలోనే కూర్చున్నాడు. కట్టు విప్పారు, చెంప మీద గాట్లు మిగిలాయి. పక్కనే తింటున్న చాయ్ బండాయన వైపు చూసి, వంకరపోయిన మూతితో, “ఇగ చెప్పు, ఎన్ని గ్లాసులేసిన?” అన్నాడు. చాయ్ బండాయన తన విస్తరిలోని అన్నం తీసి అతని విస్తరిలో వేశాడు.

చేతులు కడుక్కోవడానికి రైలు కట్టాను. ఆ సన్నపిల్ల నా కొంగు పట్టుకుంది. ఈసారి ఎవరూ కొట్లాడలేదు.

“ఆయమ్మా, ఇప్పుడు కూత పెట్టొచ్చా?”

పెట్టమని చెప్పబోయాను. రైలును అక్కడే ఎర్ర సిగ్నల్ దగ్గర ఆపి, లోపలికి పోయి, పెరటి తలుపు గడియ చేత్తో తడిమి చూసుకుని వచ్చాను.

“ఇగ పెట్టు బిడ్డా,” అన్నాను.